చెఱువు, నీరుగంటి, దస్తరము: తెలుగునాట నీటి నిర్ణయాధికార చరిత్రము

తెలుగుదేశపు చెఱువులనుగూర్చి వ్రాసినవారు సాధారణముగా వానిని త్రవ్వించినవారితో ఆరంభించి వారితోనే ముగింతురు. శాసనములు దాతలు వేయించినవి. కావున వానిలో దాతల వంశము, బిరుదములు, పుణ్యఫలము విస్తారముగా నుండును. తటాకమును సప్తసంతానములలో నొకటిగా ఎంచిన సంప్రదాయమున ఇది సహజమే. కాని చెఱువు కట్టుట రెండు మూడేండ్ల పని; దానిని నడపుట వందల యేండ్ల పని. తూము ఏ దినమున తెఱవవలెను? వాన చాలని యేట ఎవరి మడి తడుపవలెను, ఎవరి మడి బీడు పెట్టవలెను? కట్టకు గండి కనబడిన రాత్రి తట్ట పట్టవలసినవారెవరు? ఈ ప్రశ్నలకు ఏటేట, ఒక్కొక్కప్పుడు గంటగంటకు, ఎవరో యొకరు జవాబు చెప్పుచునే వచ్చిరి. ఆ చెప్పినవారెవరు, చెప్పుటకు వారికి గల అధికారమెట్టిది, అది వారి చేతినుండి దస్తరమునకు ఎట్లు పోయెను అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి. పందొమ్మిదవ శతాబ్దమునకు మదరాసు రాజధానిలోని తెలుగు జిల్లాల ఆధారములనే గ్రహించినాము. నైజాము కాలపు తెలంగాణపు పాలనా చరిత్రము ప్రత్యేక వ్యాసమునకు చాలినది గాన దాని నిచ్చట తడవుట లేదు.

ఈ విషయమున రెండు వాదములు వాడుకలో నున్నవి. గ్రామము తన నీటిని తానే చక్కగా ఏలుకొనుచుండగా ఇంగ్లీషు ప్రభుత్వము దానిని చెఱచినదనునది యొకటి. రైతు సోమరి, తన కాలువ పూడిక తాను తీసికొనడు, కావున సర్కారు పూనుకొనవలసివచ్చినదనునది రెండవది. మొదటిది జాతీయోద్యమ కాలమున బలపడినది. రెండవది రెవిన్యూ దస్తరములలో పెరిగినది. రెంటియందును సత్యాంశము కలదు గాని, రెండును అసలు కీలును తాకలేదని మా యభిప్రాయము.

పోరుమామిళ్ల శాసనముతో ఆరంభింతము. ఇది కడప మండలమున బద్వేలు ప్రాంతమందున్నది. శక సంవత్సరము 1291, అనగా క్రీ. శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడై ఉదయగిరి రాజ్యమును పాలించుచుండిన భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమను ఈ తటాకమును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిరనియు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు నడచెననియు, పని రెండేండ్లు పట్టెననియు శాసనము చెప్పుచున్నది. ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటమున ప్రకటింపబడినది మొదలు దీనిని ఉదాహరింపని జలచరిత్రకారుడు లేడు. అందఱును ఉదాహరించునది అందలి తటాక లక్షణములనే: మంచి చెఱువునకు పండ్రెండు అంగములు, చెడ్డ చెఱువునకు ఆఱు దోషములు.

పండ్రెండు అంగములలో తొమ్మిది నేల, నీరు, రాయి, కొండలకు సంబంధించినవి: గట్టి బంకనేల, దూరమునుండి తీయనీరు తెచ్చు ఏఱు, ఇరుప్రక్కల తాకియుండు కొండ, ఆ కొండల నడుమ మిక్కిలి నిడివి గాక దృఢముగా నుండు రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, దగ్గఱలోనే నిడుపాటి రాళ్లు దొరకు గని మున్నగునవి. తక్కిన మూడు మనుష్యులు: ధర్మపరుడును ధనవంతుడునైన రాజు, జలశాస్త్రమెఱిగిన బ్రాహ్మణుడు, పనినేర్పు గల కూలివారి బృందము. రాజు మొదట, కూలివారు చివర నున్నను, ముగ్గురును అంగములే యగుట గమనింపదగినది. నైపుణ్యముగల చేతులు లేనిచో రాజును శాస్త్రజ్ఞుడును ఉండియు చెఱువు కాదని శాసనకర్త యెఱుగును.

దోషములు మఱింత ఆలోచింపదగినవి. కట్టనుండి నీరు ఊటగా పోవుట, చవుడు నేల, చెఱువు నడుమ మిట్ట, నీరు కొంచెమై నేల పెద్దదగుట, నేల కొంచెమై నీరు పెద్దదగుట - ఈ యైదింటిని చదువు లేని రైతైనను చెప్పగలడు. ఆఱవది యట్టిది కాదు. రెండు రాజ్యముల సరిహద్దున చెఱువుండుట దోషమట! ఇది నేల దోషము కాదు, దొరతనపు దోషము. నీరు పల్లమెఱుగును గాని పొలిమేర నెఱుగదు. ఇద్దఱు ప్రభువుల క్రింద నున్న చెఱువునకు తూము తెఱచు అధికారము ఎవరిదో తేలదు. చెఱువు నిలుచుట రాతిచేతనే కాదనియు, నిర్ణయము ఒక చోట నుండుటచేతను అనియు 1369లోనే ఒకరు రాతిమీద చెక్కించిరన్నమాట.

ఐనను ఆ నిర్ణయము ఎవరిదో శాసనము చెప్పలేదు. అది గ్రామమర్యాదకు చెందినది గాన చెప్ప నవసరము కలుగలేదని మేము భావించుచున్నాము. ఆ మర్యాద జాడలు దాన శాసనములలో, ముఖ్యముగా దశబంధ శాసనములలో దొరకును.

చెఱువు త్రవ్వించినవానికిగాని, చెడిన చెఱువును బాగుచేసినవానికిగాని, దాని క్రింద పాఱు భూమిలో కొంత భాగమును పన్ను లేకుండ ఇచ్చుట దశబంధము. పదియవ వంతు అను అర్థము పేరులోనే కలదు గాని ఆచరణమున ఆ పాలు అన్ని చోట్ల ఒక్కటిగా లేదు. ఇందలి గొప్ప పాలెంత యనుటలో లేదు. భూమి ఎచ్చట నిచ్చిరనుటలో నున్నది. ఇచ్చినది అదే చెఱువు క్రింది మడి. చెఱువెండిన ఇనాముదారు మడియు ఎండును. కట్ట తెగిన వాని పంటయు కొట్టుకొనిపోవును. కర్తవ్యమును, జీతమును, నష్టభయమును ఒకే నీటితో తడిపిన ఏర్పాటిది. ఇట్టివాడు కట్టమీదికి పోయి చూచుటకు పై యధికారి ఉత్తరువు కొఱకు వేచియుండడు. కాకతీయుల నాటి పెద్ద చెఱువులను, అనగా గణపతిదేవుని మంత్రి కుమారుడైన జగదల ముమ్మడి కట్టించిన పాకాలను, రేచెర్ల రుద్రుని పేరుతో ముడివడిన రామప్పను తలచుకొని గర్వించుట మనకు అలవాటు. గర్వింపదగినవే. కాని వానిని కాపాడినది కేవలము కట్టినవారి ఔదార్యము కాదు. క్రింద మడి గలవారి భయమును కాపాడినది.

ఇక నీరుగంటి. రాయలసీమలో ఈ పేరు. తెలంగాణమున నీరటి, నీరడి అందురు. అచ్చట ఇది యింటిపేరుగా నేటికిని నిలిచియున్నది. చెఱువు మాటలలో ఇట్టి ప్రాంతభేదము చాల గలదు. అదనపు నీరు పొరలిపోవు కట్టడమును తెలంగాణమున మత్తడి యనియు, రాయలసీమలో మరవ యనియు, నెల్లూరు ప్రాంతమున కలుజు అనియు, పలుచోట్ల అలుగు అనియు పిలుతురు. ఒక్క పనికి ఇన్ని పేర్లుండుటయే ఆ పని ఎచ్చటికచ్చట పుట్టి పెరిగినదని చెప్పుచున్నది. నీరుగంటి పని తూము తెఱచుట, మూయుట, కాలువ వెంబడి నడచి మడిమడికి నీరు కట్టుట, కట్ట చూచుట. అతనికి కూలి కళ్లమున గింజల రూపమున ముట్టుచుండెను; కొన్ని చోట్ల కొద్దిపాటి మాన్యము. అతడు తఱచుగా మాల, మాదిగ కులములవాడు. ఆయకట్టులో చెప్పుకోదగిన భూమి లేనివాడు. నీరు పంచువానికి స్వంత మడి లేకుండుట న్యాయమునకు అనుకూలించెనని పలువురు వ్రాసియున్నారు. నిజమే కావచ్చును. కాని అది న్యాయబుద్ధితో చేసిన ఏర్పాటని అనుట మాత్రము సాహసము. ఊరి నీటినంతయు తన చేతిమీదుగా పాఱించినవానికి సెంటు నేల దక్కకపోవుటను మనము వ్యవస్థ గుణముగా వర్ణించి సంతోషింపరాదు. పూడిక తీయుటకు, గండి పూడ్చుటకు ఊరెల్ల కదలెనన్నప్పుడు తట్ట మోసినవారు ఎవరు, కట్టమీద నిలుచున్నవారు ఎవరు అను ప్రశ్నయు ఇట్టిదే. వెట్టిని సహకారమని పిలిచిన చరిత్రము చరిత్రము కాదు.

ఇంతమాత్రము చెప్పి, ఆ వ్యవస్థలోని లోకజ్ఞతకు రెండు నిదర్శనములు చూపెదము. మొదటిది దామాషా. చెఱువు సగమే నిండిన యేట కొన్ని చెఱువుల క్రింద రైతులు కూడి, ఎంత నేల తడుపగలమో ముందే తేల్చుకొని, తూమునకు దగ్గఱి నేలనే ఆ యేటికి అందఱును తమ తమ భూముల వంతున పంచుకొని సాగుచేయుచుండిరి. చివరి మడివానికిని తూము క్రింద కొంత చెక్క దొరకెడిది. పట్టా ఎవరిదైనను ఆ యొక్క కారునకు హద్దులు ప్రక్కకు తొలగుచుండెను. నీరు దూరము పాఱి దారిలో ఇంకిపోవుట తప్పెడిది. ఏ చట్టమును దీనిని విధింపలేదు. ఏ అడంగలులోను ఇట్టి సాగును వ్రాయుటకు గడి లేదు.

రెండవది అలుగుమీది రాతి గుంజలు. పాత అలుగులమీద అడుగడుగునకు నిలువురాళ్లు పాతి యుండును. పెద్ద వానల భయము తీఱిన పిమ్మట రైతులు ఆ రాళ్ల నడుమ గడ్డి, పచ్చికగడ్డలు, బంకమన్ను కూరి మఱికొంత నీటిని నిలుపుదురు. ఆ కొంచెపు నీరే రెండవ కారు పంటకు ఆధారము. కాని కార్తికమాసమున బంగాళాఖాతమునుండి వాయుగుండము వచ్చెనా, ఆ మట్టిని వెంటనే త్రవ్వి తీయవలెను. తీసిన పంట పోవును, తీయకున్న కట్ట పోవును. ఎగువ చెఱువులు నిండినవా, మబ్బు ఏ దిక్కున పట్టినది, వాగు రంగు మాఱినదా అని చూచి తెల్లవాఱులోపల తేల్చవలసిన తీర్పు ఇది. ఇంజనీర్లు ఈ మట్టికట్టును అపాయకరమని నిరసించిరి. వారి భయము నిష్కారణము కాదు; తీయవలసిన వేళ తీయనందున తెగిన కట్టలు కలవు. రైతుల ఆశయు నిష్కారణము కాదు. ఇచ్చట ప్రశ్న ఎవరు తెలివిగలవారని కాదు. తీర్పు చెప్పు సమయమున కట్టమీద నిలిచియున్నదెవరని.

దత్తమండలములు 1800లో కంపెనీ వశమయ్యెను. 1807 వఱకు అచ్చట కలెక్టరుగా నున్న థామస్ మన్రో క్రొత్త చెఱువులు త్రవ్వ బూనుట పాతవానిని బాగుచేయుటకన్న నిరర్థకమని తలచెను. చెఱువునకు అనువైన ప్రతి తావును ఈ దేశస్థులు అదివఱకే వాడుకొనిరని ఆయన గ్రహించెను. 1852లో ప్రజాపనుల విచారణసంఘము మదరాసు రాజధానిలోని 14 జిల్లాల లెక్క తీసి, పనిచేయుచున్న నీటివనరులు 43,000, చెడినవి 10,000 అని తేల్చెను. ఆ యేడే గోదావరి ఆనకట్ట ముగిసెను. దానిని కట్టిన ఆర్థర్ కాటన్ ఇసుకలో పునాది నిలుపు ఉపాయమును కావేరిమీది ప్రాచీనపు కల్లణను చూచి ఇంజనీర్లు నేర్చిరని పిమ్మట స్వయముగా ఒప్పుకొనెను. ఆ తరపు ఇంజనీర్లు పాత పనితనమును తృణీకరించినవారు కారు. తప్పు వేఱొక చోట జరిగినది.

అది 1858. ఆ యేట రెండు పనులు జరిగెను. ఒకటి, మదరాసు నిర్బంధ శ్రమ చట్టము. వరద వేళ కట్ట కాపాడుటకు మనుష్యులను నిర్బంధముగా పిలువవచ్చుననియు, ఆనవాయితీగా రైతులు చేయవలసిన మరమ్మతు చేయనివారినుండి ఆ శ్రమ వెలకు రెండింతలు వసూలు చేయవచ్చుననియు అది విధించెను. రెండవది, ఇనాము కమిషను స్థాపన. ఇనాములలో ఏది సేవకు బద్ధమైనది, ఏది స్వంతాస్తి అని విచారించి, స్వంతాస్తి యని తేలినవానిని కొద్దిపాటి జోడికి విడిచిపెట్టుట దాని పని. గ్రామసేవకుల మాన్యములకును కాలక్రమమున ఇదే గతి పట్టి, వానికి బదులు రొక్కపు జీతములు వచ్చెను.

ఈ రెంటిని చరిత్రకారులు వేఱువేఱు అధ్యాయములలో వ్రాయుదురు. కలిపి చదువవలెనని మా మనవి. ఒక చేయి కర్తవ్యమును చట్టములో బిగించుచుండగా, రెండవ చేయి ఆ కర్తవ్యమునకు మూలమైన మాన్యమును దానినుండి విడదీయుచుండెను. మడి పోయిన పిదప మరమ్మతు మాత్రము మిగిలెను. కుడిమరామతు అను పేరును ఇట్టిదే. సగము తమిళము, సగము అరబ్బీ. తెలుగు రైతు ఆ పనికి ప్రత్యేకముగా పేరు పెట్టుకొనినట్లు తోచదు. పూడిక తీయుట, గండి పూడ్చుట అనియే అనును. పేరు దస్తరము పెట్టినది.

చట్టమున మఱొక చిక్కు గలదు. అది క్రొత్త కర్తవ్యమును విధింపలేదు, ఆనవాయితీ నెఱవేర్చుమనెను. ఆనవాయితీ యేది యని అడిగిన అది వ్రాతలో లేదు. ఏ కాలువకు ఎన్ని దినములు, ఎవరి యింటినుండి ఎందఱు, కట్టమీది రాయి పని ఎవరిది, మట్టి పని ఎవరిది - ఇవి ఊరూరికి, ఏటేటికి మాఱునవి. మాఱుటయే వాని బలము. కచేరిలో నిరూపింపవలసి వచ్చునప్పటికి అదే వాని బలహీనత యయ్యెను. రైతు పక్షమున సమంజసమైన ఆక్షేపణయు నుండెను: మాగాణి పన్నులో నీటి వెలయు చేర్చి సర్కారు పుచ్చుకొనుచుండగా కాలువ పని మాది యెట్లగును? దీనికి రెవిన్యూ శాఖ తృప్తికరమైన సమాధానము చెప్పలేదు. సమగ్రమైన నీటిపాఱుదల చట్టమును తేవలెనని మదరాసు ప్రభుత్వము పిమ్మట పలుమాఱులు యత్నించి విఫలమయ్యెను.

ఐతే దస్తరమునకు దక్కవలసిన కీర్తి దానికి దక్కవలెను. 1876-78 నాటి ధాతకఱవు పిదప 1883లో ఆరంభమైన చెఱువుల పునరుద్ధరణ ప్రణాళిక మామూలు పని కాదు. ఒక్కొక్క చెఱువును విడిగా గాక, ఒక వాగు పరీవాహము నంతటిని కలిపి కొలిచి, ప్రతి చెఱువునకు పరీవాహ విస్తీర్ణము, కట్ట యెత్తు, అలుగు నిడివి, నిండు నీటిమట్టము, ఆయకట్టు వ్రాసిపెట్టిరి. గ్రామపు లోకజ్ఞత తన కట్టవఱకే పనిచేయును. గొలుసుకట్టు చెఱువులలో ఎగువ ఊరివారు అలుగు జానెడెత్తు పెంచుకొనిన అది వారి బుద్ధికి లాభమే. దిగువ నాలుగూళ్లకు కఱవు. ఊరూరును వివేకవంతమై వాగంతయు పాడగుట సాధ్యమే. పోరుమామిళ్ల శాసనమున ఆఱవ దోషమిదియే. దానిని పరిహరించుటకు ఊరికి పైనున్న కొలతయు, ఆ కొలతకు కట్టుబడిన అధికారమును కావలెను. గ్రామమే సర్వసమర్థమని వాదించువారు గొలుసుకట్టును మఱచుచున్నారు.

కాని కొలిచిన చేయియే తూమును పట్టబోవుట చేటు తెచ్చెను. పెద్ద చెఱువులు ప్రజాపనుల శాఖకు, చిన్నవి రెవిన్యూ శాఖకు పోయెను. తట్టలతో ఒక పూటలో పూడ్చదగిన గండికి అంచనా వేయవలెను, మంజూరు కావలెను, గుత్తకు ఈయవలెను. ఆ లోపల కారు దాటును, గండి వెడల్పగును, అంచనా పాతబడును. గుమాస్తా తప్పు చేయలేదు, ఇంజనీరు తప్పు చేయలేదు. చెఱువు మాత్రము ఎండెను.

స్వాతంత్ర్యానంతరము ఈ విభాగము మఱింత పెరిగెను గాని తగ్గలేదు. తెలంగాణమున 1955లోను, ఆంధ్రప్రాంతమున 1956లోను చేసిన చట్టములతో ఇనాములు రద్దయ్యెను. సాంఘిక న్యాయదృష్టితో అవి అవసరమైన చట్టములే. 1959లో పంచాయతీ సమితులు వచ్చెను. చిన్న చెఱువులు పంచాయతీరాజ్ శాఖ క్రిందను, నూఱెకరముల ఆయకట్టు దాటినవి నీటిపాఱుదల శాఖ క్రిందను చేరెను. ఒకే వాగుమీద ఎగువ చెఱువు ఒక శాఖది, దిగువ చెఱువు వేఱొక శాఖది. రెండు రాజ్యముల సరిహద్దన్న మాట జ్ఞప్తికి రాక మానదు. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయ్యెను. ఆ పదవులలోని దౌష్ట్యముతోపాటు, ఏ తూము క్రింద ఎవరి మడి యను జ్ఞానమును చాలవఱకు ఊరు విడిచెను. ఈ నడుమ బావులు, వానివెంట బోరులు వచ్చెను. స్వంత బోరు గల రైతునకు కట్ట చింత లేదు. రాయలసీమలో కొన్ని గ్రామములవారు ఒక అడుగు ముందుకు వేసి, తూమును పూర్తిగా మూసి, చెఱువు నీటిని ఇంకనిచ్చి బావులను నింపుకొనిరి. లెక్కలలో ఆ చెఱువులకు ఆయకట్టు ఉండగా, నిజమునకు అవి ఊట చెఱువులు. ఇది వివేకమే, కాని బావి లేని చివరి రైతునకు అందులో పాలు లేదు. దామాషాతో పోల్చిన ఈ క్రొత్త వివేకపు కురుచదనము తెలియును.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుల నీటిపాఱుదల నిర్వహణ చట్టము చేసి, ఆ యేటనే 10,292 నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిపించెను. దేశమున ఇంత పెద్ద ప్రయత్నము అదివఱకు లేదు. ఓటు, రికార్డులలో ఆయకట్టు భూమికి హక్కుదారుగానో కౌలుదారుగానో నమోదైనవారిది. నీరుగంటి వంటి భూమి లేని వానికి లేదు. వ్రాతమూలకముగా గాక నోటిమాటమీద కౌలుచేయువానికిని లేదు. సంఘమునకు అధ్యక్షుడు కలడు. ప్రక్కనే సమర్థాధికారి యను పేర శాఖ యుద్యోగియు కలడు. ధనము పైనుండి వచ్చిన యేండ్లలో సంఘము పనిచేసెను. రాని యేండ్లలో నిద్రించెను. దశబంధమున మడి చెఱువు క్రిందనే యుండుటకును దీనికిని గల భేదమును పాఠకులే గ్రహింపగలరు.

2015లో తెలంగాణ ప్రభుత్వము ఆరంభించిన మిషన్ కాకతీయ 46,531 చెఱువులను లెక్కకు తెచ్చెను. ఇందు మా దృష్టి నాకర్షించినది అంకె కాదు, పూడిక. త్రవ్వుట ప్రభుత్వపు ఖర్చు. పొలమునకు తోలుకొనుట రైతు ఖర్చు. చెఱువు మట్టి చేనికి సత్తువ యని రైతునకు ఎవరును చెప్ప నక్కఱలేదు. తన చేనికి తానే ట్రాక్టరు కట్టుకొని వచ్చెను. అతని లాభమును చెఱువు లాభమును ఒక చోట కలిసినవి గనుక ఆ పని నడచెను. అలుగు, తూము, కాలువల విషయమున అట్టి కలయిక లేదు. అవి గుత్తేదారు చేతిలోనే యుండెను.

పరిశోధక విద్యార్థులకు ఒక్క మనవి. మెకంజీ సేకరింపించిన కైఫీయతులలో ఊరి చెఱువుల వృత్తాంతములు కలవు; 1883 తర్వాతి ప్రణాళికలో ప్రతి చెఱువునకు వ్రాసిన వివరపత్రములు కలవు; ఇనాము విచారణ పత్రములు కలవు. ఇంతవఱకు వీనిని చెఱువు వారీగా జతచేసి చదివినవారు అరుదు. ఒక్క చెఱువును, అది యెంత చిన్నదైనను, ఎన్నుకొని ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఆ కట్టమీద నీరుగంటి పనిచేసిన కుటుంబమువారు మిగిలియున్న వారితో కూడ మాటలాడి వ్రాయవలసియున్నది. ఆ చివరి పనికి వ్యవధి తక్కువ. తూము తెఱచిన చేతులు ముసలివైనవి.